ఇంగ్లండ్‌లో కాజా, పూతరేకుల కొట్టు పెట్టాలంటే: ఇక్కడ చేసుకోవాల్సింది, అక్కడ చేసుకోవాల్సింది

మన గోదావరి జిల్లాల్లో, రావులపాలెం మండపేట వైపు, పిల్లలో మేనల్లుడో ఎవరో ఒకరు బయట దేశంలో లేని ఇల్లు తక్కువ. సంక్రాంతికి వచ్చి వెళ్లేప్పుడు సూట్‌కేసులో సగం ఆత్రేయపురం డబ్బాలూ తాపేశ్వరం కాజాలే ఉంటాయి. తర్వాత అక్కడ నలుగురికీ పెడితే వాళ్లు లొట్టలేసుకుని తింటారు, అప్పుడొస్తది ఈ ఆలోచన, మనమే ఇక్కడ ఒక కొట్టు పెడితే ఎలా ఉంటది అని. మంచి ఆలోచనండి. నేనైతే పెట్టమనే చెప్తా. మా అన్నయ్యా వదినా ఇంగ్లండ్‌లో అలాంటి కొట్టే నడుపుతున్నారు, ఇక్కడ్నుంచి రేకులు తీయించి పంపే పని నాది. కాబట్టి రెండు వైపులా ఏం జరుగుతుందో రోజూ చూస్తూనే ఉంటా. "అక్కా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగే పిల్లలు ఎక్కువైపోయారు, అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేకంటే ఒక్కచోట రాసి పెడదామని కూర్చున్నా.

నేను చెప్పేది ముఖ్యంగా బ్రిటన్ గురించి, ఇంకా విడమర్చి చెప్పాలంటే ఇంగ్లండ్ గురించి. అమెరికా, గల్ఫ్ సంగతి చివర్లో కొంచెం చెప్తా.

అన్నిటికంటే ముందు చూస్కోవాల్సింది వీసా. రెసిపీ, షాపు పేరు, లోగో ఇవన్నీ తర్వాత. అక్కడ చదువుకునే పిల్లలు, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్లు సొంత వ్యాపారం చెయ్యకూడదు, ఇంట్లో చేసి వాట్సాప్‌లో అమ్మినా అది వ్యాపారమే. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నోళ్లకి స్పాన్సర్ చేసిన ఉద్యోగమే ప్రధానం, దాన్ని వదిలేసి కొట్లో కూర్చోడం కుదర్దు. అయితే వాళ్ల డిపెండెంట్‌గా వెళ్లిన భార్యో భర్తో సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు, మా వదిన మొదలుపెట్టింది అలాగే. చదువయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో కూడా చేసుకోవచ్చు కానీ దాని గడువు చిన్నది, అయిపోతే ఏంటనేది ముందే అనుకోవాలి. పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నోళ్లకి ఈ గొడవే లేదు. ఇన్నోవేటర్ ఫౌండర్ అని ఒక వీసా ఉంది, వ్యాపారం పెట్టేవాళ్ల కోసమే, కానీ ఐడియా కొత్తది అయ్యుండాలి, బాగా పెరిగే అవకాశం ఉండాలి, వాళ్లు ఒప్పుకున్న సంస్థ ఒకటి దాన్ని ఆమోదించాలి, మామూలు స్వీట్ షాపుతో అక్కడి దాకా వెళ్లడం చాలా కష్టం.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది మన ఊళ్లలో అందరికీ తెలియాలి. తాపేశ్వరంలో కాజా చేసే మేస్త్రీని "స్వీట్ మాస్టర్ వీసా" మీద ఇంగ్లండ్ పంపిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి అని తిరిగే ఏజెంట్లు ఉన్నారు. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి కొత్తగా వెళ్లేవాళ్లు దాదాపు డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే వెళ్లాలి, వంట పనికీ బేకరీ పనికీ ఆ దారి మూసేశారు. కాబట్టి ఎవరన్నా అలా చెప్తే ఒక్క రూపాయి ఇవ్వకండి. గల్ఫ్ వీసాల పేరుతో మన కోనసీమ కుటుంబాలు ఎంత పోగొట్టుకున్నాయో మనందరికీ తెలుసు కదండి.

అంటే అర్థం ఏంటంటే, మేస్త్రీ అక్కడికి రాడు. చేతి పని మీకే రావాలి, లేదా మీతో ఉండే మీ ఇంటి మనిషికి రావాలి. నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇదే. డబ్బు ఉంది కదా, మనిషిని పెట్టుకుంటాం అనుకునేవాళ్లు ఈ వ్యాపారం జోలికి వెళ్లొద్దు. ఇక్కడికి వచ్చినప్పుడు చుట్టాలిళ్లు తిరగడం కాస్త తగ్గించుకుని, తెలిసినవాళ్ల ద్వారా ఒక కాజా కొట్లో వెనకాల నిలబడి పని నేర్చుకోండి. వీడియోలు చూస్తే కొలతలు వస్తాయి గానీ చెయ్యి రాదు. పిండి ఎంత బిగువుగా కలపాలి, ఎంతసేపు నాననివ్వాలి, పల్చగా సాగదీసి పొరల మధ్య ఏం రాసి చుడతారు, ముక్క కోశాక అప్పడాల కర్రతో ఎంత నొక్కుతారు, ఇవి పక్కన నుంచుని వందల ముక్కలు చేస్తేనే వస్తాయి. మూకుట్లో వేసేటప్పుడు నూనె మంట ఎంత తక్కువ ఉండాలో చూడండి. ముక్క వేశాక కాసేపు అడుగునే ఉండి మెల్లిగా పైకి రావాలి, అప్పుడే పొరలు విడతాయి. నూనె బాగా కాగి ఉంటే పైన రంగొచ్చేసి లోపల పచ్చిగా ఉండిపోద్ది. కాకినాడ గొట్టం కాజాది వేరే పద్ధతి, లోపల బోలుగా ఉండి పాకం నిలవాలి, రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి, ఒకటి బాగా వచ్చాక రెండోది.

పూతరేకుల సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరూ అడిగేది దీని గురించే.

ఆత్రేయపురంలో రేకు తీయడం చూసినవాళ్లకి తెలుసు. జయ బియ్యం నానబోసి మెత్తగా రుబ్బి పల్చటి మజ్జిగలా కలుపుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డని రెండు చేతుల్తో రెండు అంచులు పట్టుకుని పిండిలో ముంచి, ఒక్క ఊపులో కుండ మీదుగా లాగుతారు. కళ్లార్పే లోపు పిండి ఆరిపోయి అంచు లేస్తుంది, వేలి కొసల్తో ఊడదీసి పక్కన పెడతారు. మంట కాస్త ఎక్కువైతే చిల్లులు, తక్కువైతే అంటుకుపోద్ది. ఈ పని ఎన్నో ఏళ్లుగా మన ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది, 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చిందంటే ఆ చేతుల వల్లే.

ఇప్పుడు ఇదంతా ఇంగ్లండ్‌లో ఒక షాపు వెనకాల గదిలో చేద్దామంటే అవ్వదు. కొబ్బరాకుల మంట, పొగ, మంటల బీమా, ఊరి మధ్యలో పొగ మీద ఉండే నిబంధనలు, ఏదీ ఒప్పుకోదు. అలాగని ఇక్కడే చుట్టిన పూతరేకులు డబ్బాల్లో పంపుదామా అంటే అందులో నెయ్యి ఉంది. బ్రిటన్‌లోకి మన దేశం నుంచి మనిషి లగేజీలో పాలు, పాలతో చేసిన పదార్థాలు తీసుకెళ్లకూడదు, నెయ్యి కూడా అందులోదే. చాలామంది తీసుకెళ్తున్నారు, ఎవరూ చూడరు అంటారు, ఇంట్లో తినడానికైనా అది రూలుకి విరుద్ధమే, అమ్మే సరుకుకైతే అసలే అలా చెయ్యకండి. వ్యాపారంగా పంపాలంటే పాల పదార్థాలకి హెల్త్ సర్టిఫికెట్లు, బోర్డర్ దగ్గర తనిఖీలు, చిన్న కొట్టుకి మోయలేని బరువు.

అందుకే మేం చేసే పద్ధతి ఇది. రేకు ఇక్కడ్నుంచి, నెయ్యి అక్కడ్నుంచి. ఖాళీ రేకులో ఉండేది బియ్యమే కదా, పాలూ లేవు, గుడ్డూ లేదు, పొడిగా ఉంచితే నెలల తరబడి నిలవుంటది. దాన్ని పంపడం తేలిక. ఇక్కడ పంపేవాళ్లకి విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ అనే ఎగుమతి దిగుమతి నంబరు ఉండాలి, తిండి పదార్థాలకి ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉండాలి, అక్కడ తెప్పించుకునేవాళ్లకి జీబీ అక్షరాల్తో మొదలయ్యే ఈఓఆర్ఐ అనే కస్టమ్స్ నంబరు ఉండాలి. ఇన్వాయిస్ మీద "గిఫ్ట్" అని రాయించకండి, సరుకు ఏంటో, ఎంతకి కొన్నారో ఉన్నదున్నట్టు రాయండి.

రేకులు బరువుండవు కానీ చోటు తింటాయి, కొరియర్ వాళ్లు డబ్బా సైజుని బట్టి లెక్కేస్తారు, పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు, ఆ వచ్చిన కిలోలకి చార్జీ. 50 సెంటీమీటర్ల చదరం, 40 ఎత్తు డబ్బా అంటే 20 కిలోల చార్జీ పడుద్ది, లోపల అసలు బరువు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అందుకని రేకుల్ని వదులుగా వెయ్యకుండా సైజులవారీగా చదునుగా పేర్చి, గాలి పోని కవర్లో సీల్ చేసి, చుట్టూ గట్టి అట్ట పెట్టి, డబ్బాలో కదలకుండా సర్దాలి. విరిగినవి కూడా పారెయ్యక్కర్లేదు, లోపలి పొరకి వాడుకోవచ్చు.

అక్కడికి వెళ్లాక రేకు ఇక్కడిలాగా మాట వినదు. మనకి గాల్లో ఎప్పుడూ తడి ఉంటది, గోదావరి, కాలవలు, సముద్రం. అక్కడ చలికాలం ఇంట్లో హీటర్ వేస్తే గాలి పొడిబారిపోద్ది, రేకు ముట్టుకుంటే పొడైపోద్ది. డబ్బా తెరిచి పెట్టకండి, పది పది తీసుకుని, బాగా పిండేసిన తడిగుడ్డతో అలా అద్ది, మెత్తబడ్డాక చుట్టండి. తడి ఎక్కువైతే ముద్దైపోద్ది, చేతికి తెలియాలి. నెయ్యి కూడా ఇక్కడ ఎప్పుడూ కారుతూ ఉంటది, అక్కడ గది వేడి 18, 20 డిగ్రీలకి గడ్డకట్టి ఉంటది, అలాగే రాస్తే తినేటప్పుడు మైనం నమిలినట్టుంటుంది. నెయ్యి గిన్నెని వేణ్నీళ్లలో పెట్టుకుని బ్రష్‌తో పల్చగా రాయండి, పంచదార బాగా మెత్తగా పొడి కొట్టి జల్లించండి. కొనేవాళ్లకి ఫ్రిజ్‌లో పెట్టొద్దని చెప్పండి, డబ్బా మీద రాయండి కూడా.

నెయ్యి అక్కడ ఇండియన్ షాపుల్లో డబ్బాల్లో దొరుకుద్ది, కానీ మా వదిన ఉప్పు లేని వెన్న కొని తనే కాస్తది. అక్కడ వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలని రూలు, కాబట్టి కిలో వెన్నకి 800 గ్రాముల దగ్గర్లో నెయ్యి లెక్కేసుకోవచ్చు. చివర్లో మునగాకు వేస్తే ఆ వాసనకి మనోళ్లు షాపు బయటే ఆగిపోతారు. మునగాకు వేశారంటే పదార్థాల లిస్టులో అది కూడా రాయాలి, మర్చిపోకండి.

కాజాకి అక్కడి మైదా సంగతి. అక్కడ పిండి ప్యాకెట్ల మీద ప్రొటీన్ ఎంతో రాసుంటది, వెనక్కి తిప్పి చూడండి. "స్ట్రాంగ్ బ్రెడ్ ఫ్లోర్" అనేదాంట్లో 12 శాతం పైన ఉంటది, అది బ్రెడ్డుకి, దాంతో కాజా చేస్తే సాగదీసినప్పుడల్లా వెనక్కి లాగేస్తది, వేగాక గట్టిగా ఉంటది. "ప్లెయిన్ ఫ్లోర్" తీసుకోండి, 9, 10 శాతం దగ్గర. లండన్ చుట్టుపక్కల నీళ్లు సున్నం ఎక్కువున్న కఠిన జలం, స్కాట్లండ్ వైపు మెత్తటి నీళ్లు, పిండి బిగువులో ఆ తేడా తెలుస్తది, ఊరు మారితే నీళ్లు ఎంత పొయ్యాలో మళ్లీ చూసుకోవాల్సిందే. చల్లటి గదిలో పిండి నానడానికి కూడా ఎక్కువ టైం పడుద్ది.

పాకం మన వాళ్లు వేళ్ల మధ్య తీగ చూసి చెప్పేస్తారు, మీరు థర్మామీటర్ కూడా పెట్టుకోండి, లేత తీగపాకం 104, 105 డిగ్రీల దగ్గర వస్తది, రోజూ ఒకేలా రావాలంటే అది బాగా ఉపయోగం. చలికి పాకం అంచులు పంచదార పట్టేస్తాయి, దానికి నాలుగు చుక్కలు నిమ్మరసం వెయ్యండి, పులుపు తగిలితే పంచదారలో కొంత విడిపోయి గడ్డకట్టకుండా ఆపుద్ది. పాకం గిన్నె వేడినీళ్ల మీదే ఉంచండి, కాజా వేడిగా, పాకం వేడిగా ఉన్నప్పుడే లోపలికి తాగుతది.

ఇక కాగితాల పని. భయపడేంత లేదండి, నిజం చెప్పాలంటే అక్కడ ఈ విషయంలో చాలా సుళువు. వెంటనే షాపు తీసుకోకుండా ఇంటి వంటగదిలోనే మొదలుపెట్టమని నేను చెప్తా. మొదలుపెట్టడానికి 28 రోజుల ముందు మీ కౌన్సిల్‌లో, అంటే అక్కడి మున్సిపాలిటీ లాంటి ఆఫీసులో, ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. ఫీజు లేదు, కాదనడానికి కూడా వీల్లేదు. అద్దె ఇల్లైతే ఓనర్ ఒప్పుకోవాలి, ఇంటి బీమా వాళ్లకి చెప్పాలి. ఫుడ్ హైజీన్ లెవెల్ 2 కోర్సు ఆన్‌లైన్లో చేసేయండి, సర్టిఫికెట్ తప్పనిసరి అని చట్టంలో లేదు గానీ, పని తెలుసని చూపించుకోడానికి పనికొస్తది. ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వాళ్లు "సేఫర్ ఫుడ్ బెటర్ బిజినెస్" అని ఒక ప్యాక్ ఫ్రీగా ఇస్తారు, రోజూ ఏం శుభ్రం చేశారు, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంది, సరుకు ఎవరి దగ్గర కొన్నారు అన్నీ అందులో రాస్కోడమే. తర్వాత కౌన్సిల్ నుంచి ఆఫీసర్ వచ్చి చూసి 0 నుంచి 5 దాకా రేటింగ్ ఇస్తాడు. ఇంగ్లండ్‌లో ఆ స్టిక్కర్ అంటించడం మీ ఇష్టం, వేల్స్‌లో తప్పనిసరి. 5 తెచ్చుకుని గుమ్మం మీద పెట్టండి, మన కొట్టంటే శుభ్రం ఉండదనుకునేవాళ్ల నోరు దానంతట అదే మూతపడుద్ది. వంటగదిలో ప్రతి డబ్బా మీదా తేదీ ఉండాలి, ఇది ఇక్కడ అలవాటు లేదు కాబట్టి మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఎలర్జీల దగ్గర. ఇది మనిషి ప్రాణం సంగతి. అక్కడ చట్టంలో ఎలర్జీ తెచ్చేవని 14 పదార్థాలున్నాయి, మన సరుకులో తగిలేవి ముఖ్యంగా గోధుమ, పాలు, జీడిపప్పు బాదం పిస్తా లాంటి గింజలు, నువ్వులు, వేరుశెనగ. నటాషా అనే అమ్మాయి శాండ్‌విచ్‌లో నువ్వులున్నాయని తెలియక తిని చనిపోయాక, 2021 అక్టోబర్ 1 నుంచి నటాషా చట్టం అమల్లోకి వచ్చింది. మీరు షాపులో చేసి ముందే డబ్బాలో పెట్టి అమ్మేదానికి పేరు, పదార్థాలన్నీ రాసి, ఎలర్జీ వచ్చేవాటిని బోల్డ్‌లో చూపించాలి. "నెయ్యి" అని రాసి వదిలెయ్యకూడదు, అది పాల నుంచి వచ్చిందని అక్కడే కనపడాలి. వేరే షాపులకి సప్లై చేసినా, ఆన్‌లైన్లో పంపినా బరువు, బెస్ట్ బిఫోర్ తేదీ, మీ పేరు, అడ్రసు కూడా కావాలి. పల్లీ ఉండలూ పూతరేకులూ ఒకే బల్ల మీద చెయ్యకండి. "మీ దాంట్లో జీడిపప్పు లేదు కదా" అని ఎవరన్నా అడిగితే, ఖాయంగా తెలిస్తేనే లేదనండి.

ఇందులోనే బెల్లం సంగతి ఒకటుంది, చాలామందికి తెలీదు. తెల్లగా, పసుపుగా మెరిసే బెల్లం కోసం తయారీలో హైడ్రోస్ అనే రంగు తేల్చే మందు వాడతారు, దాని వల్ల సల్ఫైట్లు అనే రసాయనాలు మిగులుతాయి. ఆ 14 లిస్టులో సల్ఫైట్లు కూడా ఉన్నాయి, కిలోకి 10 మిల్లీగ్రాములు దాటితే లేబుల్ మీద చెప్పాలి. కాబట్టి బెల్లం అమ్మేవాణ్ని ల్యాబ్ రిపోర్టు అడగండి, నల్ల బెల్లమే వాడండి, రుచి కూడా అదే బాగుంటది.

రెండు పండగల సీజన్లు ఇంటి నుంచి చేశాక, అడిగి మళ్లీ కొనేవాళ్లు ఎంతమందో తెలిశాక, అప్పుడు షాపు. లీజు సంతకం పెట్టే ముందు సొలిసిటర్‌కి, అంటే అక్కడి లాయర్‌కి, చూపించండి, ఆ ఖర్చు దండగ కాదు. "ఫుల్ రిపేరింగ్" అని ఉంటే పైకప్పు కారినా మీరే బాగుచేయించాలి. మధ్యలో వదిలేసే అవకాశం, అంటే బ్రేక్ క్లాజ్, అడిగి పెట్టించండి. మీ ఇల్లు హామీగా రాసివ్వకండి. ఇంగ్లండ్‌లో షాపులకీ కేఫ్‌లకీ 2020 సెప్టెంబర్ నుంచి క్లాస్ ఈ అని ఒకటే కేటగిరీ ఉంది, మామూలుగా స్వీట్ షాపు అందులో వస్తది, కానీ మనం నూనెలో వేయించాలి, పొగ బయటికి వెళ్లే గొట్టం బిగించాలంటే ప్లానింగ్ పర్మిషన్ కావాల్సి రావచ్చు, పైన ఎవరైనా కాపురం ఉంటే ఇంకా జాగ్రత్త. అందుకే వేయించే పనికి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న యూనిటో, గంటలకి అద్దెకిచ్చే కిచెనో తీసుకుని, అమ్మేది మెయిన్ రోడ్డు మీద చిన్న కొట్లో పెట్టుకునేవాళ్లు ఉన్నారు, నాకు ఆ పద్ధతే నచ్చింది. షాపు రేటబుల్ వాల్యూ, అంటే పన్ను కోసం ప్రభుత్వం కట్టిన విలువ, 12,000 పౌండ్ల లోపుంటే, మీకు అదొక్కటే షాపైతే, బిజినెస్ రేట్స్ అనే షాపు పన్ను అసలు కట్టక్కర్లేదు, షాపు వెతికేటప్పుడే ఆ అంకె చూసుకోండి. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాడి చేతే చేయించాలి. వాడిన నూనె సింకులో పొయ్యకూడదు, లైసెన్సున్నవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు, ఆ కాగితం దాచుకోవాలి.

ఒక్క మనిషిని పనిలో పెట్టుకున్నా పనివాళ్లకి దెబ్బ తగిలినా జబ్బు చేసినా పనికొచ్చే ఎంప్లాయర్స్ లయబిలిటీ బీమా కనీసం 50 లక్షల పౌండ్లకి ఉండాలి. పనిచేసే హక్కు ఉందో లేదో కాగితాలు చూసి కాపీ పెట్టుకోవాలి, లేనివాళ్లని పెట్టుకుంటే 2024 ఫిబ్రవరి నుంచి మొదటిసారికే మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా. మన ఊరి పిల్లలు చదువుకోడానికి వచ్చి పని అడుగుతారు, జాలేస్తది, కానీ డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లకి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అంతకు మించి చేయించుకుంటే పోయేది వాళ్ల వీసా. క్యాష్ ఇచ్చి లెక్కలో చూపించకుండా చేయించుకునేవాళ్లు ఉన్నారు, అది ఆ పిల్లాడి భవిష్యత్తు తీసెయ్యడమే, దయచేసి అలా చెయ్యకండి.

ధర ఎలా పెట్టాలి అంటే, ఇక్కడి రేటుని పౌండ్లలోకి మార్చి కాస్త కలిపితే కుదర్దు. అక్కడ ఖర్చంతా మనిషి టైమే. 21 ఏళ్లు దాటినవాళ్లకి కనీస జీతం 2025 ఏప్రిల్‌లో గంటకి 12.21 పౌండ్లైంది, అప్పట్నుంచి పెరగడమే గానీ తగ్గేది లేదు. ఒక మనిషి గంటకి 40 పూతరేకులు చుడితే ఒక్కో దానికి చుట్టడానికే 30 పెన్నీలు పైన. రేకు, కొరియర్, నెయ్యి, జీడిపప్పు, డబ్బా, అద్దె, కరెంటు దాని పైన. మీ సొంత టైముకి కూడా అదే జీతం వేసుకుని లెక్కకట్టండి, "మా ఆవిడే కదా చేసేది" అని సున్నా వెయ్యకండి, ఆవిడ కష్టం లెక్కలో కనపడాలి. ఇంకోటి వ్యాట్, అంటే మన జీఎస్టీ లాంటి అమ్మకం పన్ను. ఏడాది అమ్మకం 90,000 పౌండ్లు దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పదు. అక్కడ బ్రెడ్డుకీ కేకుకీ వ్యాట్ సున్నా, మిఠాయికి 20 శాతం, మీ సరుకులో ఏది ఏ ఖానాలో పడుద్దో అకౌంటెంట్ చేత కాగితం మీద రాయించుకుని అప్పుడు ధర వెయ్యండి, 20 శాతం అంటే లాభం మొత్తం అందులోనే పోవచ్చు.

పెట్టుబడి ఇక్కడ్నుంచి పంపేవాళ్లకి. ఎల్ఆర్ఎస్, అంటే బయటికి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం, దాని కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన దాని మీద పెట్టుబడి లాంటి వాటికి 20 శాతం టీసీఎస్, అంటే ముందుగా పట్టుకునే ఆదాయ పన్ను, పట్టుకుంటారు, అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుద్ది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. అక్కడ కంపెనీలో వాటా తీసుకుంటే అది ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ కిందికొస్తది, బ్యాంకులో ఆ ఫారాలు వేరే ఉంటాయి, ముందే అడగండి. హవాలా వద్దు. కొబ్బరి తోట అమ్మి మాత్రం పెట్టొద్దండి, ఇంటి నుంచి మొదలుపెట్టమన్నది అందుకే, అలాగైతే పెట్టుబడి ఒక మంచి మిక్సీ, త్రాసు, డబ్బాలు, సరుకు, అంతే. త్రాసు అంటే వ్యాపారానికి ఆమోదించిన ముద్ర ఉన్నదే కొనాలి, ఇంట్లో వాడేది పనికిరాదు.

అమెరికాలో ఉన్నోళ్లకి: హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉండి సొంత కొట్లో పనిచెయ్యకూడదు, వాళ్ల భార్యాభర్తల్లో హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. ఈ-2 అనే ఇన్వెస్టర్ వీసా ఇండియన్ పాస్‌పోర్టుకి ఇవ్వరు, దాని పేరు చెప్పి డబ్బులడిగితే నమ్మకండి. ఇంటి వంటగది నుంచి అమ్మడానికి కాటేజ్ ఫుడ్ చట్టాలు రాష్ట్రానికొకటి, టెక్సాస్‌లో కుదిరింది న్యూజెర్సీలో కుదరకపోవచ్చు. 2023 జనవరి నుంచి అక్కడ నువ్వులు తొమ్మిదో ఎలర్జీ పదార్థం. కొబ్బరిని ఇదివరకు చెట్టు గింజల్లో లెక్కేసేవాళ్లు, 2025 జనవరిలో అక్కడి ఆహార మందుల శాఖ ఎఫ్‌డీఏ ఆ లిస్టు నుంచి తీసేసింది, కొబ్బరి లౌజు చేసేవాళ్లకి ఇది మంచి కబురు.

గల్ఫ్‌లో అయితే యూఏఈలో 2021 నుంచి చాలా వ్యాపారాల్లో స్థానిక భాగస్వామి లేకుండా మొత్తం మన పేరు మీదే పెట్టుకోవచ్చు. మిగతా దేశాల్లో రూల్స్ వేరు, ఎవరో అరబ్బు పేరు మీద లైసెన్సు తీసుకుని మాట మీద నడిపే పద్ధతికి మాత్రం వెళ్లకండి, గొడవొస్తే చేతిలో కాగితం ఉండదు.

చివరిగా సరుకు క్యాలెండర్, ఇది నా పని కాబట్టి గట్టిగా చెప్పగలను. ఆత్రేయపురంలో సంక్రాంతి ముందు నెల రేకు తీసేవాళ్లకి ఊపిరాడదు, ఇక్కడి కొట్లకే సరిపోదు, అప్పుడు ఫోన్ చేసి పంపండి అంటే దొరకదు. వానాకాలం జూలై, ఆగస్టుల్లో కొబ్బరాకులు తడిసి మంట సరిగ్గా రాదు, రేకు తడి లాగేస్తది, వరదొస్తే లంకల వైపు నుంచి పనికి రావడమే కష్టం. కాబట్టి దీపావళికి కావాల్సిన రేకులు మే, జూన్ మొదట్లోనే ఎండ ఉన్నప్పుడు తీయించి సీల్ చేయించేయండి. సంక్రాంతివి నవంబర్ మొదటి వారానికల్లా ఆర్డర్ ఇచ్చి డిసెంబర్ పదో తారీకు లోపు ఓడో విమానమో ఎక్కించెయ్యాలి, ఆ తర్వాత క్రిస్మస్ పార్శిళ్లతో అక్కడ అన్నీ ఆలస్యమే. ఆర్డర్ ఇచ్చినప్పుడే సగం అడ్వాన్స్ ఇవ్వండి, మిగతా సగం సరుకు మీకు చేరాక కాదు, ఇక్కడ డబ్బా కట్టిన రోజే ఇచ్చెయ్యండి. దారిలో విరిగిన దానికి రేకు తీసిన ఆవిడ డబ్బు తగ్గించకండి. రేకు మందం, సైజు, ఎన్ని కావాలో వాట్సాప్‌లో రాసి పంపండి, శాంపిల్‌గా పది తెప్పించుకుని మీ గదిలో వారం ఉంచి, చుట్టి చూసి, అప్పుడు పెద్ద ఆర్డర్ పెట్టండి.